పుల్ల బరువు

అరవై నాలుగు కిలోల నాలుగు వందల గ్రాములు.

కాటా మేడం కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. స్నానాల గదిలో తూకం మిషను మీద, రెండు చేతుల్లో కుక్కను ఎత్తుకుని నిలబడి ఉందామె. అంకె మారలేదు. గోడ మీద తను పెన్సిలుతో రాసుకున్న యాభై ఎనిమిది వైపు చూసింది. అది ఆమె బరువు. కుక్క ఒక్కతే మిషనెక్కితే వణికి దూకేస్తుంది కాబట్టి, ఎత్తుకుని తూచి, తన బరువు తీసేయడమే దారి. తీసేస్తే మిగిలింది ఆరు కిలోల నాలుగు వందలు.

ఇంటికి తెచ్చిన రోజున ఆరు కిలోల రెండు వందలు. నాలుగు వారాలు గొడ్డుచాకిరీ చేస్తే పెరిగింది రెండు వందల గ్రాములు.

"ఎంత?" హాల్లోంచి అక్క కేకేసింది.

"ఆరు నాలుగు వందలు."

"నీ మొహం! నిన్న నా టేపుతో కొలిచా. ఛాతీ దగ్గర రెండంగుళాలు పెరిగింది."

"తిన్నాక ఉబ్బుంటుందక్కా."

"ముప్ఫై ఏళ్ళు జనం నడుములు కొలిచి బట్టలు కుట్టినదాన్ని. ఉబ్బుకీ ఒంటికీ తేడా తెలీదా నాకు?"

"టేపు గట్టిగా లాగితే ఒక మాట చెప్తుంది, వదిలితే ఇంకో మాట. తూకం అలా కాదు."

"అబ్బో, వచ్చిందండీ తూకాలమ్మ!"

కాటా మేడం అన్నది లారీ డ్రైవర్లు పెట్టిన పేరు. వెనక వీధిలో లారీలు తూచే కాటా ఉంది. పదకొండేళ్ళుగా ఆ గాజు గదిలో కూర్చుని, లోడు బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేసి చీటీ ఇవ్వడం ఆమె పని. ఎవరి మాటా నమ్మదు, ఎవరి కళ్ళూ నమ్మదు. అంకె కనిపిస్తేనే నమ్ముతుంది.

కుక్కను వీధికుక్కల ఆశ్రమం నుంచి తెచ్చుకుంది. ఎనిమిది నెలల ఆడకుక్క. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. "దీనికి వేరే పేరెందుకే, చూస్తే తెలియట్లా?" అని అక్కే పుల్ల అని పిలిచింది. ఇదివరకు ఒక ఇంటివాళ్ళు దాన్ని తీసుకెళ్ళి, పది రోజులకే తిప్పి పంపేశారట. అందుకని ఆశ్రమం నడిపే పెద్దావిడ కచ్చితంగా చెప్పింది. "నెలరోజుల్లో ఏడున్నర కిలోలు దాటాలమ్మా. దాటకపోతే మేం తీసుకెళ్ళి ఆస్పత్రిలో పెట్టుకుంటాం. ఒకసారి వెనక్కి వచ్చిందంటే మళ్ళీ మీకు ఇవ్వం."

కుక్కల డాక్టరు నులిపురుగుల మందు వేసి, ఇంకోటి చెప్పాడు. "ఆకలితో ఎండిన పేగులివి. జాలిపడి ఒక్కసారే గిన్నె నింపారంటే మొత్తం బయటికొచ్చేస్తుంది. రోజుకి నాలుగు సార్లు, కొంచెం కొంచెం. టైము తప్పకూడదు."

టైము తప్పలేదు. పొద్దున ఆరు, పదకొండు, మధ్యాహ్నం నాలుగు, రాత్రి ఎనిమిది. ఉడకబెట్టిన మాంసం ఎముకలు లేకుండా చిదిమి, వేణ్ణీళ్ళలో నానిన డాగ్ ఫుడ్‌తో కలిపి పెట్టేది. పదకొండింటికి, నాలుగింటికి కాటా నుంచి ఇంటికి పరుగు. తన భోజనం టైమంతా ఆ పరుగులోనే పోయేది. డబ్బా ఎలా తీసుకెళ్ళిందో అలాగే తెచ్చేది.

అది చాలదన్నట్టు కుక్క వచ్చిన నాలుగో రోజున అక్క మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా కట్టు. స్నానం, మందులు, దిండు సర్దడం, టీ పెట్టడం, అన్నీ చెల్లెలి నెత్తినే పడ్డాయి.

ఆ ఆదివారం పొద్దున కాటా మేడం తూకం మిషను దిగి అక్కడే, తడి నేల మీదే కూర్చుండిపోయింది. నెల గడువు మంగళవారం. రెండు రోజుల్లో కిలో పెరగడం ఏ కుక్క వల్లా కాదు. అయినా ఆ రెండు రోజులూ మళ్ళీ పరుగెత్తాలి.

లేచి వెళ్ళి ఫోను చేసింది.

"బరువు పట్టట్లేదండీ. ఇంక నా వల్ల కాదు."

అవతల పెద్దావిడ "రేపు మూడింటికి వస్తాను" అని పెట్టేసింది.

ఫోను కింద పెట్టగానే కాటా మేడానికి ముందు కలిగింది బాధ కాదు, హాయి. ఆ హాయి తెలిశాక సిగ్గేసింది.

అక్క కట్టుకాలు పక్కకి జరుపుకుని అంది. "నీ ఇష్టం. తెచ్చింది నువ్వు."

సోమవారం రెండున్నర దాటింది. ఇసుక లారీ ఒకటి కాటా మీద ఆగింది. డ్రైవరు గాజు గది కిటికీలోంచి తల దూర్చాడు.

"మేడం, లోడు బరువు చూసేసుకోండి. ఖాళీ బరువు మొన్నటిదే వేసెయ్యండి. మళ్ళీ దించి, మళ్ళీ ఖాళీగా తేవాలంటే నా పొద్దు గడిచిపోతుంది."

"కుదరదు."

"లారీ అదే, నేనూ అదే. ఏం మారింది చెప్పండి?"

ఈ మాట ఆమె పదకొండేళ్ళుగా వింటోంది. జవాబు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

"మొన్న ట్యాంకు నిండా డీజిలుంది, ఇవాళ సగమే ఉంది. మొన్న టైర్లకి బురదుంది, ఇవాళ లేదు. లారీ తగ్గిందనుకో, పాత ఖాళీ బరువు తీసేస్తే లోడు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇసుక ఉన్నంతా ఉంటుంది, చీటీలో మాత్రం..."

ఆగిపోయింది.

"చీటీలో మాత్రం?" డ్రైవరు అందించాడు.

ఆమె చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి వెళ్ళింది. మొన్ననే యూనిఫారం బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడిచింది. పాత చిల్లులో పెడితే ప్యాంటు నిలవడం లేదు.

గోడ మీద యాభై ఎనిమిది అని ఎప్పుడు రాసింది? కుక్క వచ్చిన రోజు. ఆ తర్వాత తను ఒంటరిగా మిషనెక్కిందే లేదు.

"దేవుడా, లారీ నేనే!" అంది పైకే.

"ఏంటి మేడం?"

రెండో ఆపరేటరు అప్పుడే టీ తాగొచ్చి సైకిలు దిగుతున్నాడు. తాళాలు అతని చేతిలో కుక్కి, లంచ్ డబ్బా సంచీ లాక్కుని పరుగు తీసింది. వెనక నుంచి డ్రైవరు అరుస్తూనే ఉన్నాడు. "మేడం, నా చీటీ! నేనేం తప్పు మాట్లాడానండీ?"

ఇంటి ముందు ఆశ్రమం వ్యాను ఆగి ఉంది. పెద్దావిడ హాల్లో, ఒళ్ళో కాగితాలతో కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇనుప బోను, బోనులో పుల్ల. అరవడం లేదు, గోకడం లేదు. గడ్డం నేలకానించి పడుకుంది. ఇలాంటి బోను ఒకసారి ఎక్కిన కుక్క అది.

"ఒక్క నిమిషం!" అని కాటా మేడం నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళింది. చెప్పులు విప్పి మిషనెక్కింది.

యాభై ఆరు ఎనిమిది వందలు.

అరవై నాలుగు నాలుగు వందల్లోంచి తీసేసింది. మళ్ళీ తీసేసింది. వేళ్ళ మీద కూడా లెక్కపెట్టింది.

"ఏడు కిలోల ఆరు వందలు!" అని బయటికొచ్చి అంది. "దాటిందండీ. నేను తగ్గానని చూసుకోలేదు."

అక్క సోఫాలో తల పట్టుకుంది. "రెండు వారాల్నుంచి మొత్తుకుంటున్నా, ఆ చొక్కా నీ ఒంటి మీద వేలాడుతోంది, ఇటివ్వవే సైజు చేస్తానని. వింటేనా? టేపు అబద్ధమంది మహాతల్లి!"

పెద్దావిడ తొందరపడలేదు. సంచీలోంచి కొక్కెం తూకం తీసి, పుల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి వేలాడదీసింది. ఏడు కిలోల ఆరు వందల యాభై. కుక్కను తిరిగి బోనులో పెట్టి, కళ్ళజోడు తీసింది.

"బరువు సరిపోయింది. కానీ అమ్మా, నిన్న ఫోనులో రెండు మాటలన్నారు మీరు. బరువు పట్టట్లేదన్నారు, నా వల్ల కాదన్నారు. మొదటిది తప్పని తేలింది. రెండోదో?"

కాటా మేడం గోడకి చేరగిలబడింది. సరిపోయిందండీ, సంతోషమండీ అనేస్తే అయిపోతుంది. నోరు రాలేదు. పదకొండేళ్ళు తప్పుడు చీటీ ఇవ్వని మనిషి.

"రెండోది నిజమే" అంది. "నిలబడితే నిద్రొస్తోంది. మీరు తీసుకెళ్తారంటే నిన్న హాయిగా అనిపించింది కూడా."

"మరి?"

"ఓపిక ఇవాళా లేదండీ. రేపొస్తుందని చెప్పను. కానీ దాన్ని తీసుకెళ్ళొద్దు."

అక్క కట్టుకాలు సర్దుకుని ముందుకు వంగింది.

"పదకొండింటి తిండి, నాలుగింటి తిండి నేను పెడతా. పొద్దున కలిపి నా పక్కన పెట్టేసి వెళ్ళు. విరిగింది కాలు, చెయ్యి కాదు."

"మరి ఇన్నాళ్ళూ ఏమైందక్కా ఆ చెయ్యి?"

"నువ్వడిగావా?"

"అడగాలా?"

"అడగాలే చిట్టీ! టీ ఇవ్వడానికొస్తావు, మొహం ముడుచుకుని పోతావు. పనంతా ఒక్కదానివే చేస్తే నీకదో గొప్ప. మధ్యలో చెయ్యి పెడితే కసురుతావేమోనని నేనూ మాట్లాడలేదు."

కాటా మేడం గోడకి ఇంకాస్త ఆనుకుంది. దెబ్బలాడటానికి కూడా శక్తి కావాలి.

పెద్దావిడ కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసి, సంతకం పెట్టించుకుంది. "బోను తలుపు తీసి ఉంచుతున్నా. లాగకండి, దానికి తోచినప్పుడు వస్తుంది. బోను తర్వాత పంపిద్దురు గానీ" అని వెళ్ళిపోయింది.

వ్యాను చప్పుడు వీధి మలుపు దాటి వినబడకుండా పోయింది. పుల్ల కదల్లేదు. తెరిచిన తలుపు వైపు కూడా చూడలేదు. కాటా మేడం బోను పక్కనే నేల మీద చతికిలబడింది. బతిమాలి పిలిచే ఓపిక లేదు.

"ముందు నువ్వు తిను" అంది అక్క.

సంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. అన్నం చల్లబడి గడ్డకట్టింది. అయినా కలుపుకుని తినసాగింది. మొదటి ముద్ద గొంతు దిగడానికి కష్టపడింది. రెండోది కాస్త నయం. మూడో ముద్దకి బోనులోంచి నల్లటి ముక్కొకటి బయటికొచ్చి గాలి పీల్చింది.

ఆమె చూడనట్టే తింటూ కూర్చుంది.