అల్లుడి గొంతు, గోడ గడియారం

గడియారాలు బాగుచేసేవాడి మేనల్లుడికి టైమంటే భయం. నాకింతకన్నా తలవంపులు ఇంకేం కావాలి?

వాడు బస్టాండు మేడ మీది గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెబుతుంటాడు. ఊళ్లో సగం మందికి వాడి గొంతు తెలుసు, మొహం తెలియదు. బస్టాండు వెనక సందులో నాకో చిన్న గడియారాల కొట్టుంది. చదువంటారా, అయిదో క్లాసుతో ఆగింది. నేను ఆపానో, పంతులు ఆపించాడో ఇప్పుడెందుకు గాని.

నెల కిందట వాడి గొంతు మైకులోనే జారిపోయింది. "మూడో నంబరు ప్లాట్‌ఫారం" అనబోయి "మూ... మూ..." అని మూలిగి ఆగిపోయాడు. కింద జనం మైకుకి జలుబు చేసిందనుకున్నారు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, జలుబూ కాదు గిలుబూ కాదన్నాడు.

"కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతుని కాలుస్తోందయ్యా. మాత్రలిస్తాను. కానీ నువ్వు నమలవు, మింగుతావు. తిన్నచోటే వాలిపోతావు. పొద్దస్తమానం కంగారు. ఇవి మానకపోతే నా మాత్రలేం చేస్తాయి? నెమ్మదిగా తిను, తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకు, ముందు ఆ కంగారు తగ్గించుకో."

వాడి పై ఆఫీసరు ఇంకో మాట అన్నాడు. "శుక్రవారం పదకొండింటికి నేను కింద జనంలో నిలబడి వింటాను. గొంతు పలికితే మైకు నీది. పలక్కపోతే మరిచిపోయిన సామాన్ల గదికి మారుస్తాను."

ఆ గది నేను చూశాను. నలభై గొడుగులు, ఒక కుర్చీ. మావాడికి మైకు లేకపోతే బతుకు లేదు. ఇంట్లో ఉప్పు అడిగినా రెండుసార్లు అడుగుతాడు, మైకులో రెండుసార్లు చెప్పే అలవాటు కొద్దీ.

అలాంటివాడు కంగారు తగ్గించుకునే పని కూడా కంగారుగానే మొదలుపెట్టాడు. కాగితం మీద రాసి గోడ గడియారం కింద అంటించాడు. ఆరూ పదికి ఊపిరి పీల్చడం, ఆరూ ఇరవైకి నడక, ఏడింటికి టిఫిను, ఇరవై నిమిషాలు నమలడం, ఏడున్నరకి బయల్దేరడం. ఎక్కడైనా రెండు నిమిషాలు ఆలస్యమైతే ఊపిరి రెట్టింపు వేగంతో పీల్చి సరిచేసేవాడు.

"ఒరేయ్, అది ఊపిరి పీల్చడమా, సైకిలుకి గాలి కొట్టడమా?" అన్నాను ఒకరోజు.

"మాట్లాడించకు మామయ్యా, నాలుగు నిమిషాలు వెనకబడ్డాను."

ఇంట్లో టైము చూడ్డానికి ఆ గోడ గడియారం ఒక్కటే మిగిలింది. చేతి వాచీ నా కొట్లో ఉంది, విడిభాగం కోసం ఎదురుచూస్తోంది. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాడని అమ్మాయి, అంటే వాడి భార్య, బీరువాలో పెట్టి తాళం వేసింది.

బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. హాల్లో ఎవరూ లేరు. గడియారాన్ని చూస్తే చెయ్యి ఊరుకుంటుందా? నా వాచీతో సరిచూసుకోకుండానే స్టూలెక్కి ముల్లు పది నిమిషాలు ముందుకి తిప్పాను. నా పథకం ఇదీ: గురువారం పొద్దున్నే వస్తాను, వాడు నోట్లో రొట్టె, చేతిలో బూటుతో పరిగెడుతుంటాడు, అప్పుడు తలుపు దగ్గర అడ్డంగా నిలబడి "కూర్చోరా వెర్రి నాగన్నా, ఇంకా పది నిమిషాలుంది, నములు!" అంటాను. వాడు నవ్వుతాడు. వాడు నవ్వి నెలయింది మరి.

గురువారం పొద్దున నేను బట్టలు మార్చుకుంటుంటే ఒక పెద్దాయన తలుపు కొట్టాడు. అలారం టైంపీసు ఆగిపోయిందట, మాత్ర వేసుకునే వేళ తెలియడం లేదట. చేతులు వణుకుతున్నాయి పాపం. అది విప్పి, దుమ్ము దులిపి, మోగించి ఇచ్చేసరికి ఎనిమిదైంది. మావాడి దగ్గర నా వేళాకోళం సగంలోనే ఉండిపోయింది. ఏం పోయిందిలే, పది నిమిషాలేగా అనుకున్నాను.

మధ్యాహ్నం వాళ్లింటి నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి వాడు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, మెడకి తువ్వాలు చుట్టుకుని. మా అక్క, అంటే వాళ్లమ్మ, గోరువెచ్చని నీళ్లు తాగిస్తోంది. గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడకుండా కాగితం మీద రాస్తున్నాడు.

"ఎలా పోయిందిరా?" అన్నాను.

రాశాడు: పొద్దున ముందే వెళ్లాను. రాత్రి డ్యూటీ అతను పుణ్యాత్ముడివని మైకు నాకిచ్చి వెళ్లిపోయాడు. రద్దీ వేళ బస్సులన్నీ నేనే చెప్పాను. గుండెల్లో మంట. పదింటికల్లా గొంతు పోయింది.

"ముందే అంటే ఎంత ముందు?" అంది అమ్మాయి.

అరగంట పైనే, అని రాసి, దాని కింద ఇంకా రాశాడు: బస్సు ఖాళీగా దొరికి రయ్యిన వచ్చిందనుకున్నాను.

అమ్మాయి గడియారం వంక చూసింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అంది, "కోప్పడకండి. సోమవారం నేనే దాన్ని పది నిమిషాలు ముందుకి జరిపాను. మీరు తీరిగ్గా తింటారని."

"సోమవారం నువ్వు జరిపావా?" మా అక్క గ్లాసు కింద పెట్టింది. "అయ్యో రాత! నేను మంగళవారం జరిపానే! నేనూ పది."

మావాడు నెమ్మదిగా రాశాడు: నేను ఎప్పుడూ 5 ముందే పెడతాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నా వైపు చూస్తారేంటి?"

"నీ వైపు కాక ఎవరి వైపు చూడాలిరా?" అంది అక్క. "చిన్నప్పుడు నా జడ కుర్చీకి కట్టింది ఎవరు? నాన్న కళ్లద్దాలకి మసి పూసింది ఎవరు?"

"...పది," అన్నాను.

"ముప్పై అయిదు నిమిషాలు బాబాయ్!" అంది అమ్మాయి.

మావాడు రాస్తుంటే కలం కాగితాన్ని చించేసింది. ఇవాళ ఆరు నిమిషాల్లో తిన్నాను. నిలబడి. మీ అందరి దయ. తరవాత కాగితం నా వైపే తిప్పి ఇంకో మాట రాశాడు. జోకా?

  పెద్దాయన టైంపీసు సంగతి చెబుదామని నోరు తెరిచి, మూసేశాను.

వాడు లేచి గడియారాన్ని మేకు నుంచి తీసి నా ఒళ్లో పెట్టాడు. కాగితం మీద: రేపు పొద్దున నువ్వు రా. నువ్వే టైము చెప్పాలి.

"వీడినా నమ్ముతావు!" అంది అక్క.

చేసినవాడే దగ్గర కూర్చుని దిద్దాలి, అని రాసి మాత్ర మింగాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికల్లా వెళ్లాను. చేతిలో నా సొంత వాచీ, సెకను కూడా తేడా రానిది. వాడి గొంతు కాస్త తిరిగొచ్చింది, కానీ ఇసక మీద చెప్పు ఈడ్చినట్టుంది. ఆ రోజు మైకు పని పదకొండింటికే గనక ఎనిమిదిన్నరకి ప్లేటు ముందు కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎంతైంది మామయ్యా?"

"బోలెడు టైముంది."

"బోలెడంటే?"

"బోలెడంటే బోలెడు. నములు."

నాలుగు ముద్దలు. కిటికీ వైపు చూశాడు. "ఎదురింటాయన తాళం వేసి వెళ్లిపోతున్నాడు. అంటే తొమ్మిదిన్నర దాటింది."

"ఆయన ఇవాళ ముందే వెళ్తున్నాడురా."

"అబద్ధం."

నిజంగానే ఆయన ముందు వెళ్తున్నాడు. యాభై ఏళ్లుగా నేను అబద్ధాలాడితే జనం నమ్మారు. ఇవాళ నిజం చెబితే సొంత మేనల్లుడు నమ్మడం లేదు. వాడు సగం రొట్టె వదిలేసి లేచాడు. చెయ్యి గుండెల మీదకి పోయింది, మంట మొదలైందన్నమాట.

"కూర్చోరా! మా అక్క మీద ఒట్టు!"

"నా మీదెందుకురా, నీ మీద వేసుకో!" అని అక్క వంటింట్లోంచి అరిచింది.

వాచీ తీసి వాడి మొహం ముందు పెట్టబోయాను. వాడు కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

"వద్దు. చూపిస్తే మళ్లీ లెక్కపెట్టుకుంటాను." కాసేపు కుర్చీ వెనకభాగం పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు చెబితే చాలు. కానీ మామయ్యా... ఈ ఒక్కసారికీ."

"ఈ ఒక్కసారికీ," అన్నాను.

కూర్చున్నాడు. మళ్లీ నమలసాగాడు. నేను వాచీ చూస్తూ ఉంటే నా అరచేతులు చెమటపట్టాయి. 

"బాబాయ్, మీరు ఆ కాలు ఊపడం ఆపండి, బల్లంతా కదులుతోంది," అంది అమ్మాయి.

ఇరవై రెండు నిమిషాలు తిన్నాడు. నేను లెక్కపెట్టాను, వాడు పెట్టలేదు.

పదకొండింటికి నేను బస్టాండులో స్తంభం పక్కన నిలబడ్డాను. ఆఫీసరు చేతులు కట్టుకుని ప్రయాణికుల మధ్య నిలబడ్డాడు. మైకు గరగరలాడింది. మొదటి బస్సు చెప్పాడు, బాగానే వచ్చింది. రెండోది చెబుతూ ఊరి పేరు మధ్యలో గొంతు చీలింది.  ఇలాంటప్పుడు వాడు ఏం చేస్తాడో నాకు తెలుసు, మిగతా మాటలన్నీ ఒక్క దమ్ములో తోసేసి దగ్గుతాడు.

తోయలేదు. మైకు ఆన్‌లోనే ఉంది, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు అందరికీ వినబడింది. ఊపిరి తీసుకున్నాడు. ఎంతసేపు! జనం తలలెత్తి చూశారు. తరవాత ఆ ఊరి పేరు మొదటినుంచి, ఒక్కో అక్షరం, బొంగురుగానే గాని గట్టిగా చెప్పాడు. బెంచీ మీది ఒక ముసలామె సంచీ భుజాన వేసుకుని లేచి సరిగ్గా ఆ ప్లాట్‌ఫారానికే నడిచింది.

ఆఫీసరు ఆమెనే చూస్తున్నాడు. తరవాత మేడమెట్ల కింద నిలబడి పైకి అరిచాడు. "మధ్యలో ఎందుకాగావు?"

"గొంతు ఆగమంది సార్," అని పైనుంచి సమాధానం.

"నెల రోజులు సగం డ్యూటీ చెయ్యి. ఆపైన మళ్లీ వింటాను. సామాన్ల గదికి ఇంకొకణ్ణి చూసుకుంటాలే."

మావాడు తలుపు తీసుకుని మెట్ల పైన కనబడ్డాడు. నేను కిందనుంచి రెండు చేతులూ ఊపాను. ఎప్పుడూ రెండేసి మెట్లు దూకేవాడు, ఇవాళ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతున్నాడు. పది మెట్లు దిగేసరికి నాకు ప్రాణం విసిగిపోయింది.

"ఒరేయ్, తొందరగా దిగి చావరా!" అని కేకేశాను. "మీ అమ్మకి చెప్పాలి!"

వాడు మధ్య మెట్టు మీద ఆగి, రెయిలింగుకి ఆనుకుని, తీరిగ్గా నవ్వాడు.