ఆ మాట తేలేలోగా

మన వంటింట్లోకి వచ్చే కారం పొట్లం ఎర్రగా, నీటుగా ఉంటుంది. దాన్ని నింపిన చేతుల సంగతి మనం అడగం. బోయిగూడ సందులో అలాంటి పొట్లాలు నింపే షెడ్డు ఒకటుంది. ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని పని చేస్తారు. పని వేళల్లో మాట్లాడకూడదు. గోడ మీద యజమాని ఫొటో, దాని కింద ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న పెద్ద అక్షరాలు.

ఒక శనివారం అక్కడ పనిచేసే షెకీనాకు దగ్గు ఆగలేదు. నెలలు నిండుతున్న మనిషి. కాసేపు బయట కూర్చుంటానంటే సూపర్‌వైజర్ కుదరదన్నాడు. పక్కనున్న నూకరత్నం లేచి, ఆమె చేయి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, గేటు దగ్గరి కుండలోంచి నీళ్లు తాగించింది. నూకరత్నం సోమవారం పొద్దున అందరి ముందూ చేతులు జోడించి తప్పు ఒప్పుకోవాలి, లేదంటే పని మానుకోవాలి అని యజమాని కబురు పెట్టాడు.

నూకరత్నం విజయనగరం వైపు నుంచి బతకవచ్చింది. భర్త సూరి పరంజా మీదనుంచి పడి మంచాన ఉన్నాడు. పని పోతే పొయ్యి వెలగదు. చేతులు జోడిస్తే, ఆ షెడ్డులో ఇక ఎవరూ ఎవరికీ గుక్కెడు నీళ్లివ్వరు. మిగిలింది ఒక్కటే దారి. సోమవారం ఎవరూ లోపలికి వెళ్లకుండా అందరూ గేటు ముందు నిలబడాలి. పండగ సరుకు లారీ ఆ రోజే బయల్దేరాలి గనుక యజమాని దిగివస్తాడు.

ఆదివారం సాయంత్రం మెట్టుగూడ కమ్యూనిటీ హాల్లో అందరూ చేరారు. సలహాకు ఇద్దరు పెద్దల్ని పిలిచారు. బ్రహ్మచారి అనే ఆయన సోషల్ మాస్టారుగా రిటైరైనవాడు. వరహాలబాబు బీమా ఆఫీసు ఉద్యోగి. ఇద్దరూ మంచివాళ్లే, ఈ మాట మనం మరిచిపోకూడదు.

‘యజమాని ఫాసిస్టు చర్యను ఖండిస్తున్నాం’ అని వరహాలబాబు తీర్మానం చదివాడు.

“ఆ మాట తియ్యి బాబూ,” అన్నాడు బ్రహ్మచారి కళ్లద్దాలు తుడుచుకుంటూ. “ఫాసిజమంటే రాజ్యం గావాలె, ఒక్క నాయకుడు గావాలె, పక్కోణ్ణి శత్రువని చూపిచ్చి జనాన్ని ఎగదోసుడు గావాలె. కారంపొడి అమ్మెటోడు ఫాసిస్టెట్లయితడు?”

“అది పెరిగాక వచ్చే రూపమండి మాస్టారూ. పుట్టేది ఇలాంటి షెడ్డులోనే. ఆ గోడమీద ఫొటో చూళ్లేదా మీరు?”

మాట అక్కణ్ణుంచి సోషలిజం మీదికి పోయింది. పనిచేసేవాళ్లదే ఫ్యాక్టరీ అయితే అది సోషలిజమని మాస్టారు అన్నాడు. ఆ పేరు పెట్టుకుని జనం నోళ్లు మూయించిన దేశాలను ఏమనాలని వరహాలబాబు అడిగాడు. మొదట్లో ఆడవాళ్లు ఆసక్తిగానే విన్నారు. “మా ఇంట్ల రెండూ ఉన్నయి. సంపాదన అందరిది, రిమోట్ మా ఆయనొక్కనిది,” అని వాళ్లలో పెద్దదైన అనసూయమ్మ అంటే నవ్వారు కూడా. తర్వాత ఆవలింతలు మొదలయ్యాయి.

షెకీనా కుర్చీ పట్టుకుని లేచింది. “సార్, రేపు లోపలికి పోవాల్నా, బయట నిలబడాల్నా? అది జెర చెప్పుండ్రి.”

“ఒక్క నిమిషం తల్లీ. ఈ ముక్క తేలనీ,” అన్నాడు వరహాలబాబు.

తేలలేదు. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలున్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఖాళీ అవుతున్న కుర్చీలను నూకరత్నం చూస్తూ ఉండిపోయింది. నిలబడతారా అని ఎవరినీ అడగలేదు. అడిగితే కాదంటారేమోనని భయం.

సోమవారం అందరికన్నా ముందు గేటు దగ్గరకొచ్చి నిలబడింది. “నువ్వు సుత రా బిడ్డా. నిలబడుమని ఎవ్వరు చెప్పలే గద,” అంటూ అనసూయమ్మ తల వంచుకుని లోపలికి వెళ్లింది. మిగతావాళ్లూ అంతే. షెకీనా మాత్రం ఆగింది. ఇద్దరే నిలబడితే ఇద్దరి పనీ పోతుందని నూకరత్నమే ఆమెను లోపలికి పంపింది. చివరికి తానూ వెళ్లింది.

చేతులు జోడించింది. తప్పు ఒప్పుకుంది. యజమాని చిరునవ్వుతో విని, “మనది ఒకే కుటుంబం. చప్పట్లు కొట్టండి,” అన్నాడు.

ఎవరూ కదలలేదు. సూపర్‌వైజర్ వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఎక్కడో ఒక చప్పుడు వినిపించింది. ఆ తర్వాత షెడ్డంతా మోగింది. షెకీనా చేతులూ కలిశాయి. కారం చేతులు కావడంతో ఎవరూ కళ్లు తుడుచుకోలేకపోయారు.

గేటు కడగమని పంపితే నూకరత్నం బకెట్‌తో బయటికొచ్చింది. అప్పుడే పెద్దలిద్దరూ ఆటో దిగుతున్నారు. రాత్రి ఫోన్లలో వాదించి వాదించి ‘ఫాసిస్టు తరహా’ అన్న మాట దగ్గర రాజీపడ్డారట.

“చప్పట్లు ఇనబడ్డయి. గెలిచిండ్రా ఏందమ్మా?” అన్నాడు బ్రహ్మచారి.

“తప్పయిపోనాదని సెప్పినాను బాబూ. దానికి కొట్టినారు.”

లోపల షెకీనా మళ్లీ దగ్గుతోంది. నూకరత్నం చేయి కుండ మీది గ్లాసు దాకా పోయింది. గేటులోంచి సూపర్‌వైజర్ చూస్తున్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుని, చీపురు అందుకుంది.

మాస్టారు ఆ చేతిని చూశాడు. తీర్మానం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

“మనం పేరు కోసం కూసున్నం వరహాలూ. జరిగేది మన కోసం ఆగలే. మనిషి మనిషికి నీళ్లియ్యనీకి భయపడ్డ కాడ దాని పేరేదైనా ఒకటే, ఆ భయం ముంగట పదిమంది కలిసి నిలబడుడు మొదలు. నిర్వచనం ఎనక రాసుకోవచ్చు, ముందు గేటు కాడ నిలబడాలె.”