టైలరమ్మ కుట్టిన బీపీ పట్టీ

ఆ వీధిలో టైలరమ్మ చేతి కొలతకి తిరుగులేదు. ఈ మాట మొదట అన్నది వీధి కాదు, టైలరమ్మే. కాకపోతే ఆవిడ అన్నిసార్లు అనేసరికి వీధి కూడా ఒప్పుకుని ఊరుకుంది. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడకి మేకులు కొట్టి తగిలించిన కత్తెరలు, మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. ఆ టేపు అలంకారానికేనంటుంది. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, భుజమెంతో నడుమెంతో ఆవిడ కళ్ళే చెప్పేస్తాయట.

కోడలు మాత్రం ఎవరి కళ్ళనీ నమ్మే రకం కాదు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్ల మీదికి వెళ్ళి కాటాలు తనిఖీ చేసి, సరిగ్గా ఉంటే ముద్ర వేస్తుంది, లేకపోతే స్వాధీనం చేసుకుంటుంది. ఆమె వీధి మొదట్లో కనిపిస్తే కొట్లవాళ్ళు చేతిలో పని వదిలేసి కాటాలు తుడవడం మొదలుపెట్టేవాళ్ళు. అత్తగారికి అది చూస్తే మహా ముచ్చట. "మా ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది, సర్దుకోండర్రా!" అని గుమ్మంలోంచే కేకేసేది.

అలాంటి కోడలికి మొదటి కాన్పులో బీపీ పెరిగిపోయి, ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు అత్తాకోడళ్ళిద్దరూ సంతోషించడానికి కూడా భయపడ్డారు.

డాక్టరమ్మ మొదటిరోజే విషయం దాచకుండా చెప్పింది. "వయసు ముప్పై అయిదు దాటింది. ఇదివరకు బీపీ వచ్చింది. అంటే ఈసారీ రిస్కు ఎక్కువే. భయపెట్టడానికి చెప్పట్లేదమ్మా. ఏది పొంచి ఉందో తెలిస్తే ముందే కాపు కాసుకోవచ్చు." రోజూ వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసింది. పొద్దునా సాయంత్రం ఇంట్లో బీపీ చూసుకోమంది. ఇంతవరకూ ఫరవాలేదు, ఇది దాటితే రావాలి అని ఒక హద్దు చెప్పింది. "ఇంకో మాట. విడవని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, మొహం వాపు, పక్కటెముకల కింద నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం... ఇందులో ఏ ఒక్కటి కనిపించినా సరే, మిషన్‌లో అంకె ఎంత బాగున్నా సరే, వచ్చెయ్యండి."

బయటికి వస్తుంటే నర్సు వెనకనుంచి, "బీపీ మిషన్‌కుండే పట్టీ చేతికి సరిపోయేది ఉండాలండీ" అంది.

టైలరమ్మకి ఆ ఒక్క మాటా బాగా నచ్చింది.

ఇంట్లో బీపీ మిషన్ ఉండనే ఉంది, టైలరమ్మదే. ఆవిడది పుష్టిగా ఉండే శరీరం, అందుకని లావు చేతులకి వాడే పెద్ద పట్టీ కొనుక్కుంది. కోడలి చెయ్యి చూస్తే చీపురుపుల్ల. ఆ పట్టీ కోడలికి చుడితే, అక్క గౌను చెల్లెలికి తొడిగినట్టుంది. టైలరమ్మ ఆ సాయంత్రమే మిషన్ ముందు కూర్చుంది. పట్టీ అంచు విప్పి, మడిచి, అంటుకునే ముక్కని ఇటు జరిపి కుట్టింది. చర్మానికి గరుకు తగలకుండా లోపల పల్చటి మెత్తని గుడ్డ, అంచుకి నీలం పైపింగ్. కోడలి చేతికి చుడితే అచ్చు కొలతిచ్చి కుట్టించుకున్నట్టు కుదిరింది.

"చూశావా! కంపెనీవాడు కూడా ఇంత అందంగా కుట్టలేడు" అని మురిసిపోయింది.

ఆ పట్టీతో చూస్తే బీపీ రోజూ హద్దుకి ఇవతలే. టైలరమ్మ కోడల్ని కంటికి రెప్పలా కాపాడింది. మాత్ర చేతికిచ్చి, మింగేదాకా కదిలేది కాదు. అంకెలు వీధిలో ఎవరడిగినా, అడక్కపోయినా చెప్పేది. ఆస్పత్రిలో చూసినప్పుడు మాత్రం ప్రతిసారీ కాస్త ఎక్కువ వచ్చేది. "ఆ తెల్లకోట్లు చూస్తే నాకే పెరుగుతుంది, చిన్నపిల్ల, దానికి పెరగదూ!" అని కొట్టిపారేసింది. ఇంట్లో అంకెలు చూసి డాక్టరమ్మ కూడా, "ఇక్కడికొచ్చాక కంగారు పడుతోందేమో. ఎందుకైనా మంచిది, ఈసారి మీ మిషన్ పట్టుకురండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అంది.

టైలరమ్మ ఆ మిషన్‌ని ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది. మర్చిపోయానంది. మర్చిపోలేదు. తను కుట్టిందాన్ని ఎవరో పరీక్షకి పెట్టడమేమిటని ఆవిడ రోషం.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున్న కోడలు కణతలు నొక్కుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. మొహం ఉబ్బింది. వేలి ఉంగరం బిగుసుకుపోయింది. టైలరమ్మ చేతిలో గుడ్డ కింద పడేసి, గబగబా పట్టీ చుట్టింది. మిషన్ గుయ్యిమని ఆగింది. హద్దుకి ఇవతలే.

"అమ్మయ్య!" అని ఊపిరి పీల్చుకుంది. "ఏం లేదమ్మా, నిద్ర చాల్లేదంతే. కాసేపు నడుం వాల్చు."

కోడలు నడుం వాల్చలేదు. చేతికున్న పట్టీని విప్పి, తిప్పి చూసింది. కొట్లో కాటా మీదికి వంగినప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"అత్తయ్యా, దీన్ని చిన్నది చేశారు కదా. లోపల గాలి నిండే సంచిని కూడా చిన్నది చేశారా?"

"దాన్నెందుకు ముట్టుకుంటాను? మడిచి పై గుడ్డే కుట్టాను. చేతికి కుదిరింది కదా!"

"పట్టీ కుదిరింది. కొలిచేది పట్టీ కాదు, లోపలి సంచి. అది ఇంకా మీ చేతి కొలతలోనే ఉంది. సన్నచేతికి పెద్ద సంచి వేస్తే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది." కోడలు కళ్ళు మూసుకుని తెరిచింది. "ఊరందరి కాటాలూ పట్టుకున్నాను. ఇంట్లోదాన్ని ఇన్నాళ్ళూ తనిఖీ చెయ్యలేదు. మీరు కుట్టారు కదా అని."

టైలరమ్మ మొహం జేవురించింది. "అంటే నేను దొంగతూకం వేశాననా? నిన్ను అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, నా చేతిపనికే వంక పెడతావా?"

"మీ చేతిపనికి వంక లేదు. మీ ప్రేమకి అసలే లేదు. కొలత మాత్రం తప్పు." తలనొప్పికి మాట ఆగి ఆగి వస్తున్నా కోడలు ఆపలేదు. "అసలు అంకెతో పనేముంది? తలనొప్పొచ్చినా, మొహం వాచినా రమ్మన్నారు. రెండూ వచ్చాయి. పదండత్తయ్యా."

టైలరమ్మ ఒక్క క్షణం కోడలి మొహం వైపు చూసింది. మొదటి కాన్పప్పుడు ఇదే వాపుని ఒంటికి నీరు పట్టిందిలే అని సర్దిచెప్పింది తనే. ఆ సంగతి గుర్తొచ్చాక ఆవిడ రోషం ఏమైపోయిందో తెలీదు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, ఎదురొచ్చిన బండిని ఆపింది. బీపీ మిషన్ ఈసారి తనే చంకలో పెట్టుకుంది.

ఆస్పత్రిలో నర్సు చేతికి తగ్గ పట్టీ వేసి చూసింది. అంకె హద్దు దాటి చాలా పైకి పోయింది. మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోంది. డాక్టరమ్మ ఇంటి మిషన్ పెట్టి మళ్ళీ చూసింది. అది పాపం ఎప్పటిలాగే ఇవతలే చూపించింది.

"ఈ పట్టీ ఎవరు కుట్టారు?"

"నేనేనమ్మా" అంది టైలరమ్మ, అందరికీ వినబడేలా. "మీరు తెమ్మన్నరోజున కావాలనే తేలేదు. తప్పంతా నాది. పిల్లని చూడండి."

"తప్పు సంగతి తర్వాత. పిల్ల టైముకి వచ్చింది" అంది డాక్టరమ్మ. కోడల్ని వార్డులో చేర్చుకున్నారు. బీపీ దించడానికి ఒక మందు, మూర్ఛ రాకుండా ఇంకో మందు, బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి ఇంజక్షన్లు. కాన్పుని కొన్నాళ్ళు ఆపగలిగారు. ఆపినన్నాళ్ళూ మంచం మీదున్న కోడలు, నర్సు ఎవరొచ్చినా ముందు పట్టీ వైపు చూసేది. "ఇది నా సైజేనాండీ?" అని అడిగేది. మొదట్లో నర్సులు మూతి తిప్పుకున్నారు. తర్వాత్తర్వాత వాళ్ళే, "మీ సైజేనండీ ఇన్‌స్పెక్టరుగారూ" అని నవ్వుతూ చూపించేవాళ్ళు. పక్కన కూర్చున్న టైలరమ్మకి ఆ నవ్వులు వింటుంటే ఛాతీ పొంగిపోయేది.

ఇక ఆపడం మంచిది కాదన్న రోజు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నెల తక్కువైనా కేక మాత్రం నాయనమ్మదే. కొన్నాళ్ళు వెచ్చటి పెట్టెలో ఉండి, పాలు తాగడం నేర్చుకుని, తల్లితో కలిసి ఇంటికొచ్చింది.

ఇప్పుడు టైలరమ్మ కొట్లో, కత్తెరల పక్కన ఇంకో మేకు ఉంది. దానికి నీలం పైపింగ్ పట్టీ వేలాడుతుంది. కొత్తగా ఎవరొచ్చినా కళ్ళు దాని మీదికే పోతాయి, పోకపోతే టైలరమ్మే చూపిస్తుంది. కథ మొదలుపెట్టిందంటే, చొక్కా కుట్టించుకోవడానికొచ్చిన మనిషి అది పూర్తయ్యేదాకా కదలడానికి లేదు. వీధిలో కడుపుతో ఉన్న పిల్ల ఎవరు కనిపించినా, "నీ పట్టీ నీ చేతిదేనా? ఆస్పత్రి మిషన్ పక్కన పెట్టి చూపించావా?" అని నిలదీస్తుంది.

మొన్న ఎదురింటి పంతులమ్మ ఆ కథ మళ్ళీ మొదటినుంచీ విని, ఇక ఆగలేక అడిగేసింది.

"ఎవరైనా తప్పు చేస్తే దాచుకుంటారు. మీరేమిటండీ, గోడకి తగిలించి మరీ ఊరంతా చాటుకుంటారు?"

టైలరమ్మ ఆవిడని వింతగా చూసింది.

"కొట్లవాళ్ళ కాటా తప్పని ఎవరైనా చెప్తారమ్మా. అత్తగారి కొలత తప్పని, అంత తలనొప్పిలోనూ నా మొహం మీదే చెప్పింది మా కోడలు. చెప్పబట్టే అది ఉంది, లోపల నిద్రపోతున్న పిల్లా ఉంది. నా తప్పు దాచుకుంటే మా కోడలి గొప్ప ఎవరికి తెలుస్తుంది?"

లోపల్నుంచి కేక వినిపించింది. మనవరాలు లేచింది. దానికి కొత్త గౌను కుట్టాలి. పంతులమ్మని అక్కడే కూర్చోమని చెప్పి, టైలరమ్మ మెడలోంచి టేపు తీసుకుని కొలత చూడడానికి లోపలికి వెళ్ళింది.