ఉప్పు తక్కువైందా అండీ

మొదటి ముక్క నోట్లో పెట్టుకున్న గోపీకృష్ణ నమలడం ఆపేసి ముఖం అదోలా పెట్టాడు. స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరిగి చూసిన సాయిసుధ, అలవాటైన నోటితో, ఏమాత్రం ఆలోచించకుండా అడిగింది.

"ఉప్పు తక్కువైందా అండీ?"

అతను తింటున్నది మట్టి.

ఎలా జరిగిందో చెప్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. గోపీకృష్ణకి షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పొద్దున్న ఫలహారం రాగిరొట్టె. రాగిపిండిని అత్తగారు లీలావతి ఇప్పటికీ చోడిపిండి అనే అంటుంది. విజయనగరం వదిలి జనక్‌పురి వచ్చి ఎన్నేళ్ళైనా ఆ మాట మాత్రం వదల్లేదు. రాత్రే కలిపిన చోడిపిండి స్టీలు డబ్బాలో, తడిగుడ్డ కప్పుకుని ఫ్రిజ్‌లో ఉంటుంది. దాని పక్కనే, అలాంటి డబ్బాలోనే, అలాగే తడిగుడ్డ కప్పి, బొమ్మల క్లాసు నుంచి తెచ్చుకున్న మట్టిముద్దని సుధ దాచుకుంది. మే నెల ఢిల్లీ ఎండకి మట్టి బయట ఉంటే సాయంత్రానికి రాయే. ఆ పొద్దున్న సుధ స్నానం చేస్తుంటే, కోడలికి సాయం చేద్దామని పెద్దావిడకి బుద్ధి పుట్టింది. శుక్లాలు ముదిరిన కళ్ళు, పైగా నాలుగు రోజులుగా పడిశం. దొరికిన డబ్బా తీసి, ముద్దని తడిచేత్తో తట్టి, నూనె రాసిన పెనం మీద వేసింది. "పిండి ఇవాళ ఎంత మెత్తగా కలిపావే అమ్మా, వెన్నలా ఉంది" అని స్నానాలగదికి వినపడేట్టు అంది కూడా. సుధ కలిపిన పిండిని ఆవిడ మెచ్చుకోవడం, పెళ్ళయినప్పట్నుంచి, అదే మొదలు. సుధ తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చి రొట్టె పళ్ళెంలో వేసి, పక్కన పచ్చడి వేసి, మొగుడి ముందు పెట్టింది. అదేమిటో చూడలేదు. చూసే తీరిక ఆ వేళప్పుడు ఏనాడుంది కనుక.

గోపీకృష్ణ సింకులో ఉమ్మి, పుక్కిలించి, తిడతాడనుకుంటే పగలబడి నవ్వాడు. తిట్టినా బావుండేది. కడుపు నొప్పెట్టేదాకా నవ్వి, ఆఫీసుకి ఫోన్ చేసి, "ఇవాళ లేటవుతుంది సార్, మా ఆవిడ నా నోట్లో మట్టి కొట్టింది" అన్నాడు. తిండి లాక్కున్నవాళ్ళని అనే మాట అది. ఇంటిల్లిపాది తిండీ చూసే మనిషిని పట్టుకుని అన్నాడు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికి ఎవరొచ్చినా అదే కథ. చెప్పగా చెప్పగా దానికి మెరుగు కూడా వచ్చింది. ముక్క నోట్లో పెట్టుకున్న చోట ఆపేవాడు. "అప్పుడు మావిడ ఏమందో తెలుసా? సుధా, నువ్వే చెప్పు. ఆ మాట నువ్వంటేనే బావుంటుంది" అనేవాడు. సుధ అనేది. అందరూ విరగబడి నవ్వేవారు. "మమ్మా, యూ ఆర్ టూ మచ్ యార్" అని కూతురు వైశాలి కళ్ళు తుడుచుకునేది. అందరికన్నా ముందు సుధే నవ్వేది. తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ, ఆ నవ్వు గుర్తొచ్చి, తన ముఖం తనకే చూపించుకోలేనంత సిగ్గుపడేది.

మట్టి వండి పెట్టినందుకు కాదు ఆ సిగ్గు. మనిషి ముఖం మాడ్చుకుంటే, ఎందుకో ఏమిటో తెలియకముందే, తప్పు నాదే అయుంటుందని నోరు దానంతటదే అడిగేసింది. అందుకు.

పెనం మీద కాలిపోయింది ఉత్త మట్టిముద్ద కాదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అవి కాళ్ళు. పక్క బ్లాకులో ఒక గరాజ్‌ని బొమ్మల క్లాసు చేసింది శరణ్య. మునిర్కాలో గది తీసుకుని చదువుకుంటున్న నెల్లూరు పిల్ల. శనివారం పొద్దున్న కొందరికి మట్టితో బొమ్మలు చెయ్యడం నేర్పుతుంది. "వెళ్ళు, టైంపాస్ అవుతుంది" అన్నాడు గోపీకృష్ణ. "కుమ్మరివాళ్ళు చేసుకునే పని మనకెందుకమ్మా" అంది లీలావతి. అయినా వెళ్ళింది. ఎవరికి తోచిన మనిషిని వాళ్ళు చెయ్యమంది శరణ్య. అందరూ నాట్యం చేసే పిల్లల్నీ, బిడ్డనెత్తుకున్న తల్లుల్నీ మొదలుపెట్టారు. సుధ చేతుల్లో మాత్రం ఒక మామూలు ఆడమనిషి వచ్చింది. చేతులు వెనక్కి ఆనించి, తల కాస్త వాల్చి, ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న మనిషి. ఆవిడ కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలని సుధ కోరిక. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, కూరగాయలు తరుగుతూ తిమ్మిరెక్కిన కాళ్ళు చాపుకుంటే, "ఆడది కాళ్ళు బారజాపితే ఆ ఇంట్లో లక్ష్మి నిలవదమ్మా" అంది అత్తగారు. తిమ్మిరెక్కినా ముడుచుకునే కూర్చోవడం అప్పటి నుంచి అలవాటైంది. అందుకే కాబోలు ఆ కాళ్ళు ఎంతకీ కుదరక, బొమ్మని క్లాసులోనే ఉంచి, కాళ్ళకి మాత్రం మట్టి ఇంటికి తెచ్చుకుని, అందరూ టీవీ ముందున్నప్పుడు దొంగతనంగా చేసి చూసుకునేది. బాగాలేవని ముద్ద చేసేది. చివరికి అవి ఆయన పళ్ళెంలోకి చేరాయి.

ఆ మరుసటి శనివారం కొత్త కాళ్ళు చేద్దామని క్లాసుకి వెళ్ళింది.

ఆ గరాజ్‌లో కూడా సుధ చెయ్యి ఊరికే ఉండదు. క్లాసు అయ్యేసరికి ఎవరి పనిముట్లు వాళ్ళు బల్ల మీద వదిలేసి ఫోటోలు తీసుకుంటుంటే, తను అందరివీ ఏరి కడిగేది, బల్ల తుడిచేది. ఎవరూ చెయ్యమనలేదు. ఆరోజు కొంగు బొడ్లో దోపి బల్ల తుడుస్తుంటే, కొత్తగా చేరిన ఒకావిడ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "దీదీ, ఏక్ చాయ్ లా దోగీ? చీనీ కమ్" అంది. ఢిల్లీలో దీదీ అన్న పిలుపుకి రెండర్థాలు. ఒకటి అక్క, ఒకటి పనిమనిషి. ఏ దీదీయో గొంతుని బట్టి తెలుసుకోవాలి. సుధకి తెలిసింది. తెలిసే, "అచ్ఛా" అని, మూలనున్న ఇండక్షన్ స్టవ్ మీద టీ పెట్టి, కప్పు కింద సాసరు కూడా పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగేదాకా అక్కడే నిలబడి, "చీనీ ఠీక్ హై?" అని అడిగింది.

శరణ్య చూసి కంగారుపడి, సుధ తన స్టూడెంటని హిందీలో చెప్పింది. కొత్తావిడ ముఖం ఎర్రబడింది. "సారీ, సారీ. మైనే సోచా ఆప్ కామ్‌వాలీ హై." సుధ నవ్వింది. "కోయీ బాత్ నహీ" అంది. అప్పుడు చూసింది, గుమ్మంలో బకెట్ పట్టుకుని నిలబడ్డ కమ్లాని. ఆ గరాజ్ ఊడ్చి తుడిచేది కమ్లాయే. తనలాంటి మనిషనుకున్నందుకు ఒకావిడ క్షమాపణ అడగడం, ఇంకొకావిడ పెద్ద మనసుతో క్షమించడం, రెండూ కమ్లా విన్నది. వంగి గుడ్డ పిండుకుంది.

సుధ బొమ్మ కాళ్ళు ముట్టుకోకుండానే ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా, మండుటెండలో, లోపల అంతకన్నా మండింది. నన్ను పనిమనిషి అనుకుంటుందా అని మొదట కోపం వచ్చింది. కమ్లా ముఖం గుర్తొచ్చి ఆ కోపానికి సిగ్గేసింది. అనుకుంటే అనుకుంది, కమ్లా అయితే మాత్రం ఏం తక్కువ? కమ్లా చేసే పనికి కనీసం ఇది పని అని పేరుంది. ఆ సిగ్గు కాస్త తగ్గగానే దాని వెనకాలే అసలుది వచ్చింది. ఆవిడ తలెత్తి చూడకుండా అడిగింది, సరే. పరిగెత్తి తెచ్చిందెవరు? నేనూ నేర్చుకోవడానికి వచ్చానని ఒక్క ముక్క అనలేకపోయిందెవరు? పంచదార సరిపోయిందా అని నిలబడి మరీ అడిగిందెవరు? ఉప్పూ కారం తినే మనిషి చేసే పనేనా అది?

"క్లాసు మానేస్తున్నానండీ" అంది ఆ సాయంత్రం. ఎందుకని అడుగుతాడేమో, అడిగితే ఎంతవరకు చెప్పాలో అని మాటలు కూడా సిద్ధం చేసుకుంది. గోపీకృష్ణ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఠీక్ హై. నా నోరు బతికింది" అన్నాడు.

ఒక శనివారం అలాగే పోయింది. తర్వాత వారం మధ్యలో శరణ్య నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఆంటీ, ఏందాంటీ రాలేదు? కమ్లా దీదీ మీ బొమ్మ మీద రోజూ తడిగుడ్డ మారుస్తానే ఉంది. ఐనా ఎండలు చూస్తన్నారు గదా, భుజాల కాడ తెల్లబడింది. ఈ శనివారం రాకపోతే ఇంక కాళ్ళు అతుక్కోవు. ఆరిపోయిన దానికి తడిమట్టి పట్టదు ఆంటీ." బాల్కనీలో బట్టలు ఆరేస్తూ సుధ ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నది. రోజూ తడిగుడ్డ మార్చేది కమ్లా. ఆవిడ ముఖం చూడటానికి సిగ్గుపడి తను ఇంట్లో దాక్కుంది.

శుక్రవారం సాయంత్రం గోపీకృష్ణ పాత సహోద్యోగి సదాశివరావు, భార్యతో సహా భోజనానికి వచ్చాడు. రాత్రికి ఉండిపొమ్మన్నాడు గోపీకృష్ణ. "రేపు పొద్దున్న టిఫిన్ కూడా ఇక్కడే. మా ఇంటి మట్టిరొట్టెలు రుచి చూద్దురుగాని" అన్నాడు. మట్టిరొట్టెలేమిటని సదాశివరావు అడిగాడు. అడగాలనే అన్నాడు కదా. కథ మొదలైంది. షుగరు, ఫ్రిజ్, డబ్బా, అమ్మ పడిశం. సోఫాలో లీలావతి ముసిముసిగా నవ్వుతోంది. వైశాలి ఫోన్ పక్కన పెట్టింది. సుధ పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎవరికి అయిపోయాయో చూస్తూ, తన మాట ఎప్పుడొస్తుందా అని వింటూ.

"ముక్క నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు మావిడ ఏమందో తెలుసా?" గోపీకృష్ణ ఆగాడు. "సుధా, చెప్పు."

సుధ పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. వీపు వెనక్కి ఆనించి, అందరి ముందూ, అత్తగారి ముందూ, కాళ్ళు రెండూ బారజాపింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. లీలావతి ఆ కాళ్ళకేసే చూస్తోంది.

"రేపు పొద్దున్న నేనుండను. క్లాసుంది" అంది సుధ. "డబ్బాలో ఉన్నది పిండో మట్టో చూసుకుని, మీరే కాల్చుకోండి."

"అది కాదే" అన్నాడు గోపీకృష్ణ, ఇంకా నవ్వు ముఖంతోనే. "ఉప్పు మాట చెప్పు."

"ఉప్పు తక్కువైంది రొట్టెకి కాదండీ," అంది సుధ, "నాకు."