వీపు మీద మగ్గెడు నీళ్లు

తిరిగొచ్చిన వీడియోను హేమలత ఆఫీసు గదిలో నిలబడే చూసింది. ఐదుగురు ఆడపిల్లలు వరసగా దండీలు తీస్తున్నారు. చేతులు బాగానే వంగుతున్నాయి, బాగానే లేస్తున్నాయి. నడుములు మాత్రం పాత నులకమంచాల్లా దిగబడిపోయాయి. కింద ఒకే వాక్యం రాసి పంపారు: నడుము నిలవని దండీ లెక్కలోకి రాదు.

జిల్లాలో బడుల మధ్య పెట్టిన పోటీ అది. ఐదుగురు జట్టుగా, అందరూ ఒకేసారి వంగి ఒకేసారి లేస్తూ, ఇరవై దండీలు పద్ధతి తప్పకుండా తీయాలి. ఒక్క పిల్ల నడుము జారినా జట్టంతా పోయినట్టే. ఇంకొక్కసారి పంపుకోవచ్చని అవకాశం ఇచ్చారు.

హెడ్మిస్ట్రెస్ పద్మావతమ్మ చెడ్డ మనిషి కాదు. పదో తరగతి ఫలితాల భయం ఆమెది. "ఈసారన్నా లెక్కలోకి వస్తే పైవాళ్లకు చూపించుకుంటాను హేమలతా. లేదంటే సాయంత్రం ఆటల గంట లెక్కల టీచరుకు ఇచ్చేస్తాను. ఏమనుకోవద్దు," అని చెప్పేసింది.

పామిడికి కాస్త ఎడంగా ఉన్న ఆ హాస్టలు బడిలో పిల్లలు గొంతెత్తి అరిచేది ఆ ఒక్క గంటే. దాని విలువ హేమలతకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఆ చదువూ, ఈ పీఈటీ ఉద్యోగమూ అట్లాంటి ఆటల గంట పెట్టిన భిక్షే.

ఆ వారమంతా చెప్పగలిగినంత చెప్పింది. నల్లబల్ల మీద బొమ్మ గీసింది. వీపుల మీద కర్ర ఆనించి చూపించింది. పిల్లలు తలలూపారు, నాలుగు దండీలు తీసేసరికి మరిచిపోయారు. అందరిలోకి పొడగరి లక్ష్మీప్రసన్న. అందరికన్నా ముందు జారేది ఆ పిల్ల నడుమే. గట్టిగా అడిగితే, "నా నడుము నాకు కనపడదు గదా మేడమ్," అంది. మిగతా పిల్లలు నవ్వారు.

ఆదివారం ఊరికి పోయే బస్సులో హేమలత ఆ మాటే నమిలింది. నమలగా నమలగా నాయన వీపు గుర్తొచ్చింది.

ఆమె చిన్నతనంలో వాన మొహం చాటేసిన ఏడు అది. శనక్కాయ పంట చేతికందకుండానే చేలో ఎండిపోయింది. మొగవాళ్లకు పని లేదు, పొద్దు పోదు. సాయంత్రమైతే పీర్ల చావిడి ముందు చేరి, చొక్కాలు విప్పి దండీలు తీసేవాళ్లు. ఒట్టి దండీలు కావు. ఒక్కొక్కరి వీపు మీద ఒక్కొక్క బిడ్డ. బిడ్డ చేతులతో పట్టుకోకూడదు, కాళ్లు నేలకు ఆనించకూడదు. ఎవరి బిడ్డ జారితే ఆ మనిషి పక్కకు లేచిపోవాలి. ఈరన్న కొడుకు రోజూ జారేవాడు. ఈరన్న వీపు మీద నూనె పోసినారని, అది వీపు కాదు జారుడు వంక గట్టని ఊరంతా ఎగతాళి. హేమలత మాత్రం ఒక్కనాడూ జారలేదు. చెమట వాసన, బీడీ వాసన, ఎర్రమట్టి దగ్గరకొచ్చి దూరం పోవడం, కింద బుసబుసమనే నాయన ఊపిరి. ఆ ఏడు ఇంట్లో ఏం తిన్నారో ఆమెకు గుర్తు లేదు. ఆ ఊయల మాత్రం గుర్తుంది. ఒకరోజు తానూ తీస్తానని అడిగింది. ఆడపిల్లకు దండీలేంది, పైన కూచునేదే నీ పని అని నాయన నవ్వేశాడు. ఆ మాట కొంచెం గుచ్చుకుంది, ఇప్పటికీ.

ఇంటికి పోయేసరికి నాయన చెన్నప్ప మేకలకు నీళ్లు పెడుతున్నాడు. అప్పట్లో నడుము అంత తిన్నగా ఎట్లా నిలబెట్టేవాడివని అడిగింది. ఆయన బకెట్ కింద పెట్టి కూతురిని వింతగా చూశాడు.

"దానికొక పద్ధతి ఉండాదని నాకేం తెల్సమ్మా? పైన నువ్వు ఉంటివి. వంగితే నువ్వు పడ్తావు."

"అంతేనా నాయనా?"

"ఇంగేముండాది?"

సోమవారం పొద్దున ట్యాంకరు దగ్గర పిల్లలు వరసలో నిలబడ్డారు. ఎండాకాలం, మనిషికి ఒక బకెట్. ఆ బకెట్‌ను చంటిబిడ్డను మోసినట్టు మోసుకుపోతున్నారు. హేమలత చూస్తూ నిలబడి, జట్టును పిలిచింది. ఒకరి బకెట్‌లోంచి ముంచిన మగ్గు ఇంకొకరి నడుము మీద పెట్టింది. ఎవరూ తమ నీళ్లు తాము మోయకూడదు. అదే షరతు.

లక్ష్మీప్రసన్న మీద జట్టులోని నాగలక్ష్మి మగ్గు. మూడో దండీకే ఒలికింది. ఎర్రమట్టి గుటుక్కున తాగేసింది. నాగలక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుని ఆ తడిని చూసింది.

"అవి నేను తలకు పోసుకునే నీళ్లు తల్లీ. ఈ రాత్రి నీ పక్కనే పండుకుంటా, వాసన నువ్వే పీల్చుకో."

అందరూ పడిపడి నవ్వారు. లక్ష్మీప్రసన్న నవ్వలేదు. పోయి తన బకెట్‌లోంచి ఒక మగ్గు ముంచి నాగలక్ష్మి బకెట్‌లో పోసి వచ్చింది. మరునాడు మగ్గు వణికింది గానీ ఒలకలేదు. లేచి చేతులు దులుపుకుంటూ, "ఇప్పుడు నా నడుము యాడుండాదో తెలుస్తాంది మేడమ్," అంది.

వీడియో రోజున మగ్గులు పెట్టకూడదు. ఐదుగురూ చేతులు నేలకు ఆనించారు. లక్ష్మీప్రసన్న తల తిప్పి పక్కనున్న నాగలక్ష్మితో ఏదో గొణిగింది. నాగలక్ష్మి ఒక చేయి ఎత్తి, లేని మగ్గును ఆ పిల్ల నడుము మీద జాగ్రత్తగా పెట్టి, కదలకుండా ఉందో లేదో చూసి, మళ్లీ చేయి నేలకు ఆనించింది. హేమలత ఫోను పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. చివరికి వచ్చేసరికి మోచేతులు వణికాయి, చెమట బొట్లు రాలాయి. నడుములు జారలేదు. ఐదు వీపులు ఒక్క వరసలో లేస్తూ దిగుతుంటే, చావిడి ముందర దుమ్ము వాసన కొట్టినట్టయింది ఆమెకు.

జట్టుకు మొదటి బహుమతి రాలేదు, అది ఏదో టౌను బడికి పోయింది. కానీ ఇరవైకి ఇరవై లెక్కలోకి వచ్చాయి. పద్మావతమ్మ వీడియో రెండుసార్లు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆటల గంట జోలికి రానులే అంది.

ఆ సాయంత్రం హేమలత నాయనకు ఫోన్ చేసి మగ్గుల సంగతంతా చెప్పింది. ఎన్నో బహుమతి అని ఆయన అడగలేదు.

"ఎవురన్నా ఒలకబోసినారా?"

"లేదు నాయనా."

"అట్లయితే బాగా తీసినట్టే."

ఫోన్లో మేకల అరుపు వినబడింది. వాటిని అదిలించి నాయన మళ్లీ అందుకున్నాడు.

"ఆదివారం వస్తావు గదా. నువ్వు గూడా తియ్యి, చూస్తా. బరువు కావాలంటే పైన నేను కూచుంటాలే."