పార్టీ ఆఫీసు తలుపు

క్వారీ కూలీల వరసిళ్ళని మేం లైన్లంటాం. ఈ లైన్లలో ఒక్క పార్టీ జెండా తప్ప ఇంకోటి ఎగరడం నేనెరగను. బయటివాళ్ళకి మమ్మల్ని చూస్తే నవ్వు. ఆ పార్టీ మీకు రోడ్డేసిందా, నీళ్ళిచ్చిందా, ఎందుకలా పట్టుకుని వేళ్ళాడతారు అంటారు. నవ్వుకోండి నాయనా, మాదేం పోయింది. కానీ నా తోడబుట్టినవాడే ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

మా తమ్ముడు క్వారీలో లారీ తోలుతాడు. నోరు మూతపడదని అందరూ వాణ్ణి హారన్ అంటారు. ఈసారి ఎన్నికల్లో అవతలి పార్టీ తరఫున నిలబడ్డాడు. ఇంకెవరి ఇంట్లోనూ పుట్టని బుద్ధి మా ఇంట్లోనే పుట్టాలా?

ముందు తలుపు సంగతి చెప్పాలి. మా పార్టీ ఆఫీసంటే ఒక్క గది. అందులో టైలర్ బాబాయి కుట్టుమిషను, రెండు బెంచీలు. బట్టలు కుట్టేదీ ఆయనే, పార్టీ కార్యదర్శీ ఆయనే. మా చిన్నప్పుడు నాన్న మీద బండ పడింది. కంపెనీ లారీ ఇమ్మంటే సీటు పాడైపోతుందన్నాడు మేనేజరు. బాబాయి మారు మాట్లాడకుండా ఆఫీసు తలుపు ఊడబీకి, దాని మీద నాన్నని పడుకోబెట్టి, ఇంకో ముగ్గుర్ని కేకేసి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళాడు. నాన్న బతికాడు. బతికి, మమ్మల్ని చాలా ఏళ్ళు హాయిగా తిట్టాడు.

అప్పట్నుంచీ ఆ తలుపుని కొక్కేలకి తగిలించి ఉంచుతారు. ఇద్దరు పట్టి పైకెత్తితే ఊడి వచ్చేస్తుంది. గదికి తాళమే వెయ్యరు, ఆ పాత మిషను ఎవడెత్తుకెళ్తాడు గనక. క్వారీలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు పరిగెత్తేది తలుపు కోసమే. ఇది మాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

తమ్ముడు అడిగేదేంటంటే, ఇన్నేళ్ళు గెలిపిస్తే ఆ పార్టీ ఇక్కడో ఆసుపత్రి పెట్టించిందా, ఓ అంబులెన్సు తెప్పించిందా, ఇంకెన్నాళ్ళు మనుషుల్ని తలుపు మీద మొయ్యాలి అని. అందులో అబద్ధం లేదు. నా మంటంతా అదే. నాన్నని మోసిన తలుపునే అంత మాటంటావా అని వాడితో మాటలు మానేశాను. చివరికి వాడే వచ్చి గడప మీద కూర్చున్నాడు. "ఊరంతా కాదన్నా ఫర్వాలేదక్కా, నువ్వొక్కదానివి వెయ్యి" అన్నాడు. చంకనేసుకుని పెంచినవాణ్ణి, ఎలా కాదంటాను? వేస్తాలే పోరా అన్నాను.

వాళ్ళ పార్టీ వాడికి ప్రచారానికో వ్యాను ఇచ్చింది. పైన మైకు, వెనకాల మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు. తోలేదీ వాడే, మాట్లాడేదీ వాడే. ఆ రోజు క్వారీ గేటు దగ్గర ఆపి, తలుపుల కాలం చెల్లిపోయిందని వాయించేస్తున్నాడు. నేను క్రషర్ దగ్గర కంకర ఎత్తుతున్నాను. లోపల్నుంచి కేకలు వినపడ్డాయి. రాయికి డ్రిల్లు పెడుతుంటే బండ జారి మా ఆయన కాలి మీద పడింది.

తమ్ముడు మైకు విసిరేసి వ్యాను దిగాడు. దిగి లైన్ల వైపు పరుగు తీశాడు, తలుపు కోసం. బాబాయి అప్పటికే ఓ పక్క పట్టుకుని ఉన్నాడు, వీడు రెండో పక్క పట్టి ఎత్తాడు. మా ఆయన్ని దాని మీద వేసుకుని, గేటు దాటి, ఆ వ్యాను పక్కనుంచే మోసుకుపోయారు. నేను గుండెలు బాదుకుంటూ వెంట పరిగెత్తాను. మెయిన్ రోడ్డు మీద కనపడ్డ బండికల్లా చేతులూపాం. ఎంతసేపటికీ ఒక్కడూ ఆపడే.

చివరికెవరో ఆపి ఎక్కించుకుంటే ఆసుపత్రికి చేరాం. అక్కడ పాదం తీసేశారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే నిలబెట్టేవాళ్ళం అన్నాడు డాక్టరు. తమ్ముడు జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి, దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. అప్పుడు వెలిగింది నాకు. వాణ్ణి తిట్టబోయి ఊరుకున్నాను. నాకు మాత్రం తట్టిందా? అంత క్వారీలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక నా ఓటు తమ్ముడికే అని ఒట్టేసుకున్నాను. మా ఆయన బట్టల కోసం ఇంటికొస్తే, ఆఫీసు ముందు బాబాయి తలుపు నేల మీద పరిచి బ్రష్షుతో రుద్దుతున్నాడు. "మరక పోవట్లేదమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముసలాయన చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఆయన మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

పోలింగు రోజు మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి బూతు దాకా మోసింది కూడా బాబాయీ, ఆయన మనుషులే. నేను లోపలికెళ్ళాను. తమ్ముడి గుర్తు కళ్ళెదురుగానే ఉంది. వేలు దాని మీదకి పోతేనా! పాత గుర్తు మీదే నొక్కి, బయటికొచ్చి ముక్కు చీదుకున్నాను.

ఎప్పట్లాగే మా పార్టీయే గెలిచింది. మా బూతులో తమ్ముడికి పడింది ఒకే ఒక్క ఓటు. పాపం తన ఓటు తనే వేసుకున్నాడని లైన్లంతా ఒకటే నవ్వు.

సాయంత్రం వాడు మా ఇంటికొచ్చాడు. వాడి మొహంలో ఓడిపోయిన బాధే లేదు. "నువ్వొక్కదానివి వేశావు, నాకది చాలక్కా" అన్నాడు.

అవునని ఒక్క మాట అంటే పోయేది, నోరు రాలేదు. "నేను వెయ్యలేదురా. అది నీ ఓటు కాదూ?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "నేనూ వేసుకోలేదక్కా" అన్నాడు.

మా ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కాలి కట్టు సర్దుకుంటున్నాడు. పార్టీ మీటింగు ఒక్కటీ మానని మనిషి. ఇద్దరం ఆయన వైపు తిరిగాం.

"మీకేం" అన్నాడాయన, తల ఎత్తకుండానే. "ఇద్దరికీ రెండేసి పాదాలున్నాయి."