దొమెనికా కొండ

ఓర్సోలా తలుపు తీస్తే ఎదురుగా ఆ కొండే. ఊళ్ళోవాళ్ళు దాన్ని పైకొండ అనేవారు, అంతకు మించి పేరు లేదు. దాని వెనక వేరే దేశం. ఆమె చెల్లెలు దొమెనికా పంతొమ్మిదో ఏట అవతలివైపు జున్ను చేసేవాణ్ణి పెళ్ళాడి, కనుమ దాటి వెళ్ళిపోయింది. మొదట్లో ఏటా వేసవిలో అక్కచెల్లెళ్ళు కనుమ దగ్గర కలుసుకుని, పొద్దు వాలేదాకా కబుర్లాడుకునేవారు. తర్వాత ఓర్సోలాకి మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరికీ రాయడం రాదు. పదకొండేళ్ళుగా చూపూ లేదు, కబురూ లేదు.

ఆ ఏడాది సరిహద్దు కొలిచి పటం గీయడానికి ఎత్తొరె అనే ఉద్యోగి వచ్చాడు. కొండ పేరేమిటని ఊరంతా అడిగాడు. పైకొండేగా అన్నారు. అలాంటి పైకొండలు తన పుస్తకంలో ఇప్పటికే ఏడున్నాయని విసుక్కుంటూ, పాల కోసం ఓర్సోలా గడప దగ్గర ఆగి ఆమెనూ అడిగాడు.

ఆమె కొండకేసి చూసి, "దొమెనికా" అంది.

"కొండ పేరే?"

"నేనలాగే పిలుస్తాను నాయనా. పొద్దున్నే తలుపు తీసి, ఎలా ఉన్నావే దొమెనికా అంటాను. అది పలికితేగా."

అతను నవ్వలేదు. పేరు రాసుకుని, దొమెనికా ఎవరో, ఆ చెల్లెలి ఊరి ఆనవాళ్ళేమిటో అడిగి తెలుసుకున్నాడు. పది రోజుల తర్వాత అవతల పని ముగించుకుని, తిరిగొస్తూ మళ్ళీ ఆమె గడప దగ్గర ఆగాడు.

"ఉందవ్వా మీ చెల్లెలు. కళ్ళు సరిగా ఆనడం లేదట. మా అక్క ఇంకా అందర్నీ తిడుతోందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నన్ను మాత్రం తిట్టలేదన్నాను. అయితే ఒంట్లో బాగోలేదేమో చూడమంది."

ఓర్సోలా పకపకా నవ్వి, తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

రెండేళ్ళకు అచ్చయిన పటం చర్చికి వచ్చింది; అందులో పైకొండ మీద దొమెనికా అని ఉంది. వాళ్ళ భాషలో ఆదివారాన్నీ దొమెనికా అనే అంటారు. కాపరులు ఆదివారాలు అక్కడ సేద తీరేవారు గనక ఆ పేరు వచ్చిందని ఫాదరుగారు అందరికీ చెబుతున్నారు. ఓర్సోలా కాదనలేదు. కర్ర ఊతంగా వెళ్ళి, కొండ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించారు.

"మరి మా చెల్లెలి ఊరు?"

"అది మన దేశం కాదుగా అమ్మా. అటువైపు గీయరు."

కొండకి అవతల కాగితమంతా తెల్లగా ఉంది. ఓర్సోలా ఆ తెలుపు మీద అరచెయ్యి ఆనించి, ఫాదరుగారు పటం చుట్టేవరకూ తియ్యలేదు.